పల్లీలా, బాదమా? నెలకు నాలుగు వేల డ్రైఫ్రూట్స్ లెక్క

కాజీపేట నుంచి మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకు తెలియాలి కదా. మీ బాపుకు అరవై రెండేళ్లు, పదేళ్లుగా షుగర్. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రోజూ థైరాయిడ్ మాత్ర. మీ బరువు 84 కిలోలు. తొమ్మిదేళ్ల పాప, మూడేళ్ల బాబు. బాదం, కాజు, అక్రోట్, పిస్తాలకు నెలకు నాలుగు వేలు పోతున్నాయి. పల్లీలు మాత్రం కొలెస్ట్రాల్ అని, పైత్యం అని ఇంట్లో మానేశారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తా: మీరు మానేసిన పల్లీనే మళ్లీ ఇంటికి తెచ్చుకోండి. రోజువారీ పని అంతా అది చేస్తుంది. మిగతావాటిలో ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేక గుణం ఉంది, ఆ గుణం అవసరమైనవాళ్ల కోసం కొద్దికొద్దిగా కొనుక్కోండి. నాలుగు వేలు అక్కర్లేదు, పన్నెండు వందల్లో అయిపోతుంది.

కొలెస్ట్రాల్ సంగతి ముందు తేల్చుకుందాం. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలో ఉంటుంది. మొక్కకు కాసిన ఏ గింజలోనూ లెక్కలోకి వచ్చేంత ఉండదు. పల్లీ బరువులో సగం నూనే, అది నిజం. కానీ ఆ నూనెలో సగం దాకా ఓలిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెకు పేరు తెచ్చిన కొవ్వే. పైత్యం అంటారా, ఖాళీ కడుపున పావు కిలో నమిలితే ఎవరికైనా తిప్పుతుంది.

ఇప్పుడు అంకెలు. వంద గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. బాదంలో 21, పిస్తాలో 20, కాజులో 18, అక్రోట్‌లో 15. మొదటి స్థానం ఎవరిదో చూశారుగా. నిజానికి పల్లీ చెట్టు గింజే కాదు, కంది, పెసర, శనగ కుటుంబంలోది, అందుకే అంత ప్రొటీన్. మా దగ్గర ఈమధ్య పల్లీలు కిలో నూట యాభై, బాదం తొమ్మిది వందలు అనుకుందాం. వంద రూపాయలు పెడితే పల్లీల్లో 170 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, బాదంలో 23. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాల్లో వచ్చే సరుకును వదిలేసి కాలిఫోర్నియా నుంచి ఓడలో వచ్చేదాన్ని బలమని కొంటున్నాం.

పల్లీలో ఇంకో విషయం ఉంది, అది మన తెలంగాణకు బాగా దగ్గరిది. నియాసిన్ అనే బి విటమిన్ వంద గ్రాములకు 12 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బాదంలో దానికి మూడో వంతు కూడా ఉండదు. ఒకప్పుడు జొన్న రొట్టె తప్ప ఇంకేమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొరలు లేచేది, విరేచనాలు, మతిమరుపు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి.గోపాలన్, శ్రీకంటియా 1960 ప్రాంతంలో దీన్నే పట్టుకుని జొన్నకూ పెల్లాగ్రాకూ ఉన్న లంకె మీద పరిశోధన చేశారు. నియాసిన్ కరువైతే వచ్చే జబ్బు అది. జొన్న రొట్టెలోకి పల్లి చట్నీ నూరిన అమ్మమ్మలకు ఈ పేర్లేవీ తెలియవు, జత మాత్రం సరిగ్గా కుదిర్చారు.

ఇక ఎంత తినాలి. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో అందరికీ "రోజూ ఒక గుప్పెడు" అని చెప్పి పంపేదాన్ని. ఒకాయన మూడు నెలలు ఆ గుప్పెడు వదలకుండా తిని మూడు కిలోలు పెరిగి వచ్చాడు. ఏం తిన్నావయ్యా అంటే మీరు చెప్పిందే అన్నాడు. టేబుల్ మీద వంటింటి తూకం పెట్టి, బాదం డబ్బా ముందుకు జరిపి, ఎంతో తీసి చూపించమన్నాను. అరచేయి చాపి, రాశి పోసినట్టు తీశాడు. 58 గ్రాములు. వేళ్లు మూసి పిడికిలిలో పట్టినంతే తియ్యమంటే 31 వచ్చింది. అప్పట్నుంచి ఆ తూకం నా టేబుల్ మీదే ఉంది, ఎవరొచ్చినా ముందు వాళ్ల పిడికిలి తూస్తాను. 30 గ్రాములంటే బాదం ఇరవై నాలుగు, కాజు పదిహేడు, అక్రోట్ ఏడు కాయల పప్పు, పిస్తా యాభై, పల్లీలైతే ముప్పై అయిదు అటుఇటు. ఒక్కోటీ అన్నేసి కాదండోయ్. అన్నీ కలిసి ఒక్క పిడికెడు.

ఆ పిడికెడులో 170 నుంచి 195 దాకా క్యాలరీలు ఉంటాయి, ఎక్కువ అక్రోట్‌లో. మీ 84 కిలోలకు ఇదే అసలు విషయం. సాయంత్రం నాలుగు మిర్చి బజ్జీలు తిని, ఆపైన ఆరోగ్యానికని బాదం తింటే బరువు పెరుగుతుంది. బజ్జీల బదులు తింటే తగ్గుతుంది. నట్స్‌కు కడుపు నిండిన భావన ఇచ్చే గుణం ఉంది, పైగా నమిలి తిన్నప్పుడు అందులోని కొవ్వంతా ఒంటికి పట్టదు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో కొలిచి చూస్తే 28 గ్రాముల బాదంలో ప్యాకెట్ మీద రాసే 170 క్యాలరీలకు బదులు 129 మాత్రమే ఒంటికి అందాయి. మిగతాది నలగని కణాల్లో చిక్కుకుని అటే పోయింది. మెత్తగా నూరిన పీనట్ బటర్‌కు ఈ సౌకర్యం లేదు, చెంచాతో ఎంత దిగిపోతుందో కూడా తెలియదు. మీరు గింజగానే తినండి, ఉడికించిన పల్లికాయ అయితే ఇంకా మంచిది. వొలుచుకు తినే పని ఉంటుంది కాబట్టి చేయి నెమ్మదిస్తుంది. పిస్తా కూడా పెంకుతో కొనమనేది అందుకే. ఉప్పు పట్టించినవి వద్దు.

మీ బాపు విషయం. షుగర్ ఉన్నవాళ్లకు నట్స్ భయపడాల్సిన తిండి కాదు. పిడికెడు పల్లీల్లో పిండి పదార్థం అయిదు గ్రాములు, బాదంలో ఆరు, కాజులో తొమ్మిది. అన్నం ముద్దతో పోలిస్తే ఇదేమీ లెక్కలోది కాదు. అన్నంతో పాటు తింటే చక్కెర ఎక్కే వేగాన్ని కొంత తగ్గిస్తాయి కూడా. ఆయన వయసులో షుగర్‌తో పాటు చూసుకోవాల్సింది గుండె. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ అని పెద్ద అధ్యయనం జరిగింది, గుండెజబ్బు ముప్పున్న 7,447 మంది మీద. ఒక గుంపుకు రోజుకు 30 గ్రాముల నట్స్ ఇచ్చారు, అందులో సగం అక్రోట్, మిగతా సగం బాదం, హేజెల్‌నట్. 2013లో ఫలితాలు వచ్చాయి, మనుషుల్ని గుంపులుగా పంచడంలో లోపాలు బయటపడితే లెక్కలు మళ్లీ కట్టి 2018లో తిరిగి ప్రచురించారు. అప్పుడు కూడా గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి ముప్పై శాతం దాకా తక్కువే తేలాయి. అయితే వాళ్లు తిన్న మిగతా తిండి కూడా కూరగాయలు, చేపలు, పప్పుదినుసులతో ఉంది. బిర్యానీ మీద బాదం చల్లుకుంటే ఆ ఫలితం రాదు.

ఒక్క మాట. బాపుకు పదేళ్ల షుగర్ అన్నారు, క్రియాటినిన్ ఎప్పుడు చూపించారు? మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే నట్స్‌లోని పొటాషియం, ఫాస్ఫరస్ బరువైపోతాయి. పిస్తాలో పొటాషియం మరీ ఎక్కువ, వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల పైనే. రిపోర్టు మామూలుగా ఉంటే నేను చెప్పిన పిడికెడు ఇవ్వండి, లేకపోతే ఆయన డాక్టరును అడిగాకే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు ఇంకో జాగ్రత్త: బాదం, కాజు రాళ్లకు ముడిసరుకైన ఆక్సలేట్ ఎక్కువున్న గింజలు. మన ఎండలకు, తాగే నీళ్లు చాలక రాళ్లతో వచ్చేవాళ్లు నా దగ్గర తక్కువేం కాదు, వాళ్లలో పొద్దున్నే పదిహేను బాదం నానబెట్టి తినేవాళ్లూ ఉంటారు.

అమ్మగారికి వద్దాం. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, వెంటనే నానబెట్టిన బాదం, రెండు అక్రోట్లు అని రాశారు. ఆ మాత్ర ఖాళీ కడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. అమెరికాలో ఆ మందుతో ఇచ్చే సమాచార పత్రంలో సోయా పిండితో పాటు అక్రోట్ పేరు కూడా ఉంది, మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుందని. థైరాయిడ్ రక్తపరీక్షలో అమ్మగారి టీఎస్‌హెచ్ ఎందుకు తగ్గట్లేదో అని డోసు పెంచే ముందు ఈ బాదం, అక్రోట్లను సాయంత్రానికి మార్చి, డాక్టరుకూ ఆ మాట చెప్పి, ఆయన చెప్పినన్ని వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి.

మోకాళ్లకు కాల్షియం అని బాదం పెడుతున్నారట. పిడికెడు బాదంలో 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అర గ్లాసు పాలలో 120. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు 975 అని పుస్తకాల్లో ఉంటుంది, అది చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు. పెద్ద చెంచాకు లెక్కేస్తే 90 వస్తుంది, అందులోనూ పొట్టులోని ఆక్సలేట్ కొంత పట్టి ఉంచుతుంది. నువ్వులు మంచివే. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సత్తు, పల్లీల సత్తు పంచుకున్నట్టు ఏడాది పొడుగునా ఇంట్లో నువ్వుల పొడి ఉండాలని నేనే అంటాను. కానీ అమ్మగారికి కాల్షియం కావాలంటే పాలు, పెరుగు, రాగి జావ వైపు చూడండి. విటమిన్ డి పరీక్ష కూడా చేయించండి.

మరి బాదం గొప్పదనం ఏంటి? విటమిన్ ఇ. వంద గ్రాముల్లో 25 మిల్లీగ్రాములు, మామూలుగా దొరికే నట్స్‌లో దాని దరిదాపుల్లోకి వచ్చేది లేదు. పీచు కూడా 12 గ్రాములతో అన్నిటికంటే ఎక్కువ, మలబద్ధకం ఉన్నవాళ్లకు పనికొస్తుంది. నానబెట్టాలా, పొట్టు తీయాలా అని రోజుకు ఒక్కరైనా అడుగుతారు. పళ్లు బాగాలేని పెద్దవాళ్లకు నానబెడితే నమలడం తేలిక, అంతే. అందులో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ రాత్రి నానినంత మాత్రాన పెద్దగా పోదు. పొట్టులో మంచి పదార్థాలే ఉన్నాయి, కూర్చుని వొలిచి పారేయకండి.

అక్రోట్ కొనేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం కోసం, మొక్కల్లో దొరికే ఒమేగా-3. వంద గ్రాముల్లో 9 గ్రాములు. మెదడు ఆకారంలో ఉంది కాబట్టి మెదడుకు మంచిదనే మాట నేను నమ్మను, ఆ లెక్కన కాజు తింటే మూత్రపిండాలు బాగుపడాలి. ఇంకో సంగతి, ఆ ఒమేగా-3 ఒంట్లో చేప నూనె రకంగా మారేది చాలా తక్కువ. అక్రోట్ పప్పు ధర కిలో వెయ్యి దాటి ఉంది కదా, దానికి బదులు అవిసె గింజలు దోరగా వేయించి పొడి కొట్టి రోజూ ఒక చెంచా మజ్జిగలోనో చట్నీలోనో వేసుకోండి. ఒక్క పెద్ద చెంచాలో గ్రామున్నర ఆల్ఫా లినోలెనిక్ వస్తుంది. గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది, పొడి చేయాల్సిందే.

కాజు మీద మనవాళ్లకు మోజు ఎక్కువ, పీచు తక్కువ: వంద గ్రాములకు 3 గ్రాములే. రాగి (కాపర్), జింక్, ఇనుము మాత్రం బాగున్నాయి. పచ్చి కాజు అని అమ్మేది కూడా నిజంగా పచ్చిది కాదు, పెంకులోని జీడి నూనె ఒళ్లు కాలుస్తుంది కాబట్టి ఆవిరి పట్టో కాల్చో పప్పు తీస్తారు. ములుగు అడవుల్లో నల్లజీడి చూసినవాళ్లకు ఆ నూనె సంగతి చెప్పక్కర్లేదు, ఒకప్పుడు చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టింది ఆ నల్లజీడి గింజ రసంతోనే. అడవి మాట వచ్చింది కాబట్టి, మొర్రి పండు గింజలోంచి తీసే సారపప్పు ఎక్కడైనా దొరికితే మీ పాయసంలో కాజు బదులు వేసి చూడండి. రుచిలో కాజు దాని ముందు ఆగదు.

పాపకు రక్తం తక్కువని కాజు పెడుతున్నారు. పిడికెడు కాజులో 2 మిల్లీగ్రాముల ఇనుము. గింజల ఇనుము ఒంటికి పట్టేది అందులో కొంచెమే. పక్కన జామకాయ ముక్కో, నిమ్మకాయ పిండిన ఉడికించిన పల్లీలో ఉంటే ఆ పట్టేది పెరుగుతుంది. టీ మాత్రం అప్పుడే తాగనివ్వద్దు. హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు మీరు, తక్కువగా ఉంటే మాత్రలు వాడాల్సిందే, గింజలతో కాలయాపన చేయొద్దు.

బాబుకు మూడేళ్లు. గింజగా ఏదీ ఇవ్వొద్దు, అయిదేళ్లు వచ్చేదాకా. శ్వాసనాళంలో ఇరుక్కునేవాటిలో పల్లీ ముందుంటుంది. పొడి చేసి అన్నంలో నెయ్యితో కలిపి పెట్టండి. మీ ఇంట్లో కాదు గానీ, చదివేవాళ్లలో చంటిపిల్లల తల్లులుంటే వాళ్లకో మాట. ఎలర్జీ వస్తుందని పల్లీని రెండు మూడేళ్లు దూరంగా పెట్టమనే సలహా పాతబడింది. లండన్‌లో 640 మంది పసిపిల్లల మీద జరిగిన లీప్ అధ్యయనం 2015లో వచ్చింది. వాళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు ఎలర్జీ గానీ, రెండూ గానీ ఉన్న పిల్లలే. వాళ్లలో కూడా, పదకొండో నెల దాటకుండా పల్లీని మొదలుపెట్టినవాళ్లకే అయిదేళ్ల నాటికి పల్లీ ఎలర్జీ చాలా తక్కువ వచ్చింది. అలాంటి పిల్లలకు మాత్రం డాక్టరు చూసి చెప్పాకే మొదలుపెట్టాలి.

ఇప్పటిదాకా చెప్పినవాటికంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది వేరే ఉంది. నర్సంపేట వైపు నుంచి ఒక రైతు కుటుంబం వస్తుంది నా దగ్గరికి. ఒకసారి ఇంట్లో తినే పల్లీలు తెమ్మన్నాను. తెచ్చి స్టీలు పళ్లెంలో పోశారు. సగం ముడుచుకుపోయినవి, కొన్నిటి పొట్టు మాడినట్టు నల్లగా, రెండు మూడింటిని చీలిస్తే లోపల బూడిద, పచ్చ కలిసిన నూగు. ఇవేంటమ్మా అంటే, మంచివి మార్కెట్‌కు తోలినం, మిగిలినయి చట్నీకి ఉంచుకున్నం అంది ఆమె. పండించినవాళ్లకు మిగిలేది తాలు.

ఆ నూగు ఆస్పర్జిల్లస్ అనే బూజు, అది చేసే విషం అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, దాణాలో కలిపిన పల్లి పిండి మీద ఆరా తీసి దీన్ని కనిపెట్టారు. కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుందని తిరుగులేకుండా తేలిన విషం ఇది. పంట చివర్లో బెట్ట పడినా, పురుగు కాయను తొలిచినా, తీసిన కాయ సరిగ్గా ఎండకపోయినా బూజు చేరుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దీని మీద పనిచేస్తున్నారు. వేయించినా, ఉడికించినా ఈ విషం చాలావరకు అలాగే ఉంటుంది. శుద్ధి చేసిన నూనెలోంచి పోతుంది గానీ, గానుగ నూనెలో మిగిలిపోతుంది, కాబట్టి గానుగకు తాలు పప్పు పోయొద్దు.

అందుకని కొనేటప్పుడు ఇలా చూడండి. వేయించి ఉప్పు కారం పట్టించినవాటిలో మంచీ చెడ్డా తెలియదు, పచ్చి పప్పే కొనండి. పళ్లెంలో పోసి వెలుతురులో ఒక్కసారి ఏరండి, ముడుచుకున్నవి, నల్లబడ్డవి, పగిలి రంగు మారినవి తీసేయండి. నోట్లో చేదు తగిలితే ఊసేయండి, అతిథి ముందు కూర్చున్నా సరే. బాదం, అక్రోట్‌కు ఇదే సూత్రం, వాటికి ముక్కిన వాసన కూడా చూడాలి. మే నెలలో మన ఇళ్లలో అక్రోట్ బయట పెడితే నెల తిరక్కుండా నూనె కంపు కొడుతుంది. గాలి పోని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పండగ గిఫ్టు ప్యాకింగుల్లో వచ్చేవి వాసన చూడకుండా తినొద్దు. నాకు ఒకసారి వచ్చిన రంగుల డబ్బాలో పిస్తా కింద పురుగు తిరుగుతోంది, ఏ కొట్టుదో చెప్పను.

ఎండు కొబ్బరి కుడుకను కూడా డ్రైఫ్రూట్స్ లెక్కలో వేశారు మీ జాబితాలో. అది వేరే జాతి, దాని కొవ్వులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే. బాపుకు తగ్గించండి. ఖర్జూరం, కిస్మిస్ కూడా గింజలు కావు, చక్కెర. షుగర్ ఉన్న ఇంట్లో వాటిని బాదం డబ్బాలో కలిపి పెట్టొద్దు.

ఈ నెల సరుకు ఇలా తెచ్చి చూడండి: పల్లీలు రెండు కిలోలు, బాదం అర కిలో, నువ్వులు అర కిలో, అవిసెలు పావు కిలో, పాప కోసం కాజు వంద గ్రాములు. పిస్తా, అక్రోట్ ఎవరైనా కానుకగా ఇస్తే తినండి.

చివర్లో అడిగారు కదా, పాప బడి ఆవరణలో చెట్టు బాదంకాయలు రాయితో కొట్టి లోపలి పప్పు తింటోంది, ఏమైనా అవుతుందా అని. అది కొట్లో అమ్మే బాదం కాదు, ఇంకో చెట్టు. కానీ తినదగిన పప్పే, కాయకు అగ్గిపుల్లంత వస్తుంది. నేను కూడా చిన్నప్పుడు అలాగే తిన్నాను, నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే ఉంది.